గోడవార ఆఖరి పలక

పెద్దమ్మాయి చేతిలో పలుగు, కాళ్ల దగ్గర తిరగేసిన పాత పలక, ఆ పలక అంచులోంచి ఎడమకు ఒరిగి బయటికి చూస్తున్న మేకులు. పోయిన వారం ఆమెను అలాగే నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆ పలుగు దించకుండా మన కోసం ఎదురుచూస్తూ ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లు కూడా ఉంటారు కాబట్టి వెనకటి సంగతి నాలుగు మాటల్లో చెప్పుకుని ముందుకు కదులుదాం.

పాటల టీచరమ్మ ఇంటి వెనక, తోట వైపు, పలకలు పరిచిన చెక్క డెక్ ఒకటి అరుగులా ఉంది. పెద్దమేస్త్రి పడుచువాడుగా ఉన్నప్పుడు వేసినది. ఊళ్లో పాట నేర్చుకున్న పిల్లలందరూ దాని మీద ఒట్టికాళ్లతో బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాళ్లే. పైన ఒక్క మేకుతల కనపడదు, అరచేత్తో నిమిరితే ఎక్కడా గీసుకోదు. ఆ ఒక్క డెక్‌తోనే ఆయనకు పేరొచ్చింది. ఇన్నేళ్లకు పలకలు చివికిపోయాయి. వాటిని తీసేసి, చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి పోతపోసిన కాంపోజిట్ పలకలు వేయించుకోవాలని టీచరమ్మ ముచ్చటపడి, వేసినవాడినే మళ్లీ పిలిపించింది.

పెద్దమేస్త్రికి కుడిభుజం లేవదు. ఇదే తన ఆఖరి పని అని ఇంట్లో చెప్పేశాడు. రేపు సాయంత్రం చిన్నల్లుడు వచ్చి గాలి కంప్రెసర్, మేకుల గన్ను, బండి, పని చెప్పేవాళ్ల ఫోన్ నంబర్లతో సహా అన్నీ పట్టుకుపోతాడు. చిన్నల్లుడు మంచివాడే, కాదనం. గోడకు గడియారం తగిలిస్తే మాత్రం అందరూ తల పక్కకు వాల్చి టైము చూసుకోవాలి. చిన్నప్పటినుంచీ తండ్రి వెనకాల పనిముట్ల సంచి మోసి, ఇప్పుడు ఆయన భుజం పడిపోయాక పనంతా తన చేతుల మీద నడిపిస్తున్న పెద్దమ్మాయికి మాత్రం ఏమీ రాదు. ఎందుకంటే మేస్త్రిది ఒకటే మాట. మన ఇంట్లో ఆడవాళ్లు ఎవరూ సుత్తి పట్టలేదు, నీతో మొదలుపెట్టించను. మరి గన్ను పట్టుకుంటోంది కదా అంటే, అది సుత్తి కాదు, కుట్టుమిషన్ లాంటిది అంటాడు. ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక కూడా ఆయన లెక్కలో ఆమె సాయం చేసే మనిషే గాని పనిమంతురాలు కాదు.

ఇదీ సంగతి. నిన్న పాత పలకలు పెరికేటప్పుడు, గోడమూల దగ్గర, ఆ ఒరిగిన మేకులు ఆమెకు కనిపించాయి. వాటిలో నాలుగైదు తీసి రుమాల్లో చుట్టి జేబులో వేసుకుంది. తండ్రిని అప్పుడే ఏమీ అడగలేదు. రాత్రంతా ఆ మూట దిండు పక్కనే ఉంది.

పొద్దున్నే కొత్త పలకల పని మొదలైంది. కింది దూలాలు చాలావరకు గట్టిగానే ఉన్నాయి, చివికిన వాటిని ముందురోజే మార్చారు. తోట వైపు నుంచి మొదలుపెట్టి ఇంటి గోడ వైపు రావాలి. కొత్త పలకలు తేనెరంగులో నున్నగా ఉన్నాయి. ప్రతి పలకకూ రెండు అంచుల్లోనూ పొడుగునా గాడి ఉంటుంది. ఆ గాడిలో చిన్న క్లిప్పు దూర్చి, గన్ను మూతి దాని మీద ఏటవాలుగా ఆనించి నొక్కితే, గాలి దెబ్బకు మేకు క్లిప్పులోంచి దూలంలోకి దిగిపోతుంది. తర్వాతి పలకను జరిపి, రబ్బరు సుత్తితో మెల్లగా తడితే, దాని గాడిలోకి క్లిప్పు రెండో చెవి వెళ్లి కూర్చుంటుంది. మేకూ కనపడదు, క్లిప్పూ కనపడదు. పలకకు పలక చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుంది.

పెద్దమ్మాయి మోకాళ్ల మీద జరుగుతూ ఎడమచేత్తో గన్ను నొక్కుతోంది. మేస్త్రి బోర్లించిన బకెట్ మీద కూర్చుని క్లిప్పులు అందిస్తున్నాడు. అందిస్తున్నాడన్న మాటే గాని నోరు ఊరుకోవడం లేదు. పలకల చివర్లు పక్కగోడకు ఆనించి పెట్టమన్నాడు. సందు వదలాలి నాన్నా, ఇది ఎండకు పొడుగు సాగుతుంది, ఆనిస్తే మధ్యాహ్నానికి మధ్యలో వీపు లేస్తుంది అని ఆమె చెప్పింది. చెక్క అన్నాక ఎండితే ముడుచుకుంటుంది గాని సాగడమేమిటి అని ఆయన గొణిగాడు. జన్మంతా ముడుచుకునే చెక్కతో కాపురం చేసినవాడు, సాగే చెక్కను ఎలా నమ్ముతాడు. ఆమె సందు వదిలింది. ఆయన చూడనట్టు చూశాడు.

అన్నిటికంటే ఆయనకు కష్టంగా ఉన్నది ఆ గన్ను చప్పుడు.

"సుత్తి అయితే మాట్లాడుతుందమ్మా," అన్నాడు. "ఇది దగ్గుతుంది. రోగం ఏదైనా దగ్గు ఒకటే."

ఆ మాటకు ఆమె నవ్వింది గాని, నవ్వు మధ్యలోనే మనసు ఎక్కడికో వెళ్లిపోయింది. చిన్నప్పుడు పెరట్లో తండ్రి చిత్రిక పడుతుంటే, ఉంగరాలు ఉంగరాలుగా రాలిన చెక్కపొరల గుట్టలో పడుకుని నిద్రపోయేది. తల్లి వచ్చి జుట్టులో చెక్కపొరలు ఏరుతూ తిట్టేది. ఆ వాసన, ఎండలో వేడెక్కిన చెక్క వాసన, ఈ రోజుకీ ఎక్కడైనా తగిలితే ఆమెకు కళ్లు మూతలు పడతాయి. ఆ నిద్రలోనే సుత్తి చప్పుడు వినడం నేర్చుకుంది. మొదటి దెబ్బ పల్చగా ఉంటుంది, మేకు ఇంకా గాలిలోనే ఉంటుంది కాబట్టి. దిగేకొద్దీ చప్పుడు లావెక్కుతుంది. తల పూర్తిగా కూర్చునే ఆఖరి దెబ్బకు గొంతు మారిపోతుంది, కడుపు నిండినవాడి మాటలా. మేకు వంగితే ఆ గొంతు పగిలిపోతుంది. వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని, "నాన్న మేకు వంగింది" అనేది. బయటినుంచి వెంటనే నాన్న విసుక్కోవడం వినపడేది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ అమ్మ ఇప్పుడు లేదు. ఆ పెరడు కూడా లేదు. చెవులు మాత్రం ఉన్నాయి.

అందుకే, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, గన్ను ఒకసారి దగ్గిన దగ్గుకు ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇది దూలంలోకి పోలేదు, గాలిలోకి పోయింది అంది. నాకేం తేడా వినపడలేదే అన్నాడు మేస్త్రి. ఆమె ఆ క్లిప్పు ఊడదీసి చూపించింది. మేకు దూలం పక్కనుంచి జారి కిందికి వేలాడుతోంది. ఆయన ఆ మేకును చూశాడు, కూతుర్ని చూశాడు, క్లిప్పుల డబ్బాలోకి చూస్తూ ఉండిపోయాడు. దగ్గులో కూడా తేడాలుంటాయన్నమాట అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఏ పలకకూ వంక పెట్టలేదు.

ఎండ వాలేసరికి గోడవార ఒక్క పలక మిగిలింది.

ఈ పని చేసేవాళ్లను అడగండి, డెక్ అంతా ఒక ఎత్తు, గోడవార ఆఖరి పలక ఒక ఎత్తు అంటారు. దాని అవతలి అంచును పట్టుకోవడానికి ఇంకో పలక ఉండదు. గోడకూ దానికీ మధ్య గన్ను మూతి దూరదు. చేత్తో, ఏటవాలుగా, అంచులో మేకు దింపాలి. తర్వాత గోడ పట్టీ దాన్ని కప్పేస్తుంది. అంత దూరమూ ఎలాగో కొట్టవచ్చు గాని, చివర మూల ఉంది చూడండి, అక్కడ వంటింటి గోడ కుడివైపు నుంచి ముందుకు పొడుచుకొచ్చింది. కుడిచేతివాడు ఆ మూలలో మోకరిల్లితే సుత్తి ఎత్తడానికి చోటు ఉండదు.

ఇది నా చేత్తో వేస్తానని మేస్త్రి లేచాడు. ఆఖరి పని, ఆఖరి పలక, అది ఆయన ముచ్చట. సంచిలోంచి తన పాత సుత్తి తీసుకుని మూలలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. భుజం సగం వరకే లేచింది. ఆ సగంలోనే మోచెయ్యి వంటింటి గోడకు కొట్టుకుంది. ఇంకో పక్కకు తిరిగాడు. ఈసారి వేళ్ల కణుపులు గీసుకుపోయాయి. సుత్తి కింద పెట్టి చెయ్యి నోట్లో పెట్టుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

కూతురు ఆయన పక్కన కూర్చుంది. తొందరపడలేదు.

"అప్పుడెలా కొట్టావు నాన్నా, ఈ మూలలో?"

"అప్పుడు వయసు."

"వయసులో ఉంటే మోచెయ్యి పొట్టిగా ఉంటుందా? గోడ అప్పుడూ ఇక్కడే ఉంది."

ఆమె గోడకు ఆనించి ఉంచిన పాత పలకలు రెండు తెచ్చి పక్కపక్కన పడుకోబెట్టింది. ఒకటి తోట వైపుది, అందులో మేకులన్నీ కుడికి ఒరిగి ఉన్నాయి. రెండోది ఈ మూలది, అందులో ఎడమకు. మేకుల పక్కన సుత్తి అంచు తగిలిన చంద్రవంకల్లాంటి నొక్కులు కూడా ఒకదానిలో ఒక పక్క, రెండోదానిలో ఇంకో పక్క. జేబులోంచి రుమాలు మూట తీసి, విప్పి, ఆయన ఒళ్లో పెట్టింది.

"అది నీ చెయ్యి, ఎక్కడ చూసినా గుర్తుపడతాను. ఇది నా చెయ్యి నాన్నా. నేను గన్ను నొక్కినా మేకులు ఇలాగే ఒరుగుతాయి. కాని ఈ డెక్ వేసేనాటికి నేను పుట్టలేదు."

కంప్రెసర్ తనంతట తానే గుర్రుమంటూ గాలి నింపుకోవడం మొదలుపెట్టింది. దాన్ని కట్టెయ్యమన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు. ఆమె వెళ్లి ఆపి వచ్చింది. ఒక్కసారిగా తోటంతా నిశ్శబ్దమయ్యాక, ఆయన నోరు విప్పాడు.

ఆయనకు ఒక చెల్లెలు ఉండేది. ఒక అత్త ఉండేదట అన్నంతవరకు పెద్దమ్మాయికి తెలుసు. అంతకుమించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడగా వినలేదు. ఆ చెల్లెలు ఆయనతో పాటు పనికి వచ్చేది. మొదట్లో అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి, నిలబడి చూసి, ఒకరోజు ఊరికే ఉండలేక సుత్తి అందుకుందట, ఎడమచేత్తో. ఇక దించలేదు. ఈ డెక్ ఇద్దరూ కలిసి వేశారు. ఆయన తోట వైపు నుంచి, ఆమె గోడ వైపు నుంచి మొదలుపెట్టి, ఎవరు ముందు మధ్యకు వస్తే డబ్బాలో ఆఖరి ముద్ద వాళ్లది అని పందెం. ఆమే గెలిచింది, సగం ముద్ద అన్నకే పెట్టింది. ముందు పైనుంచే మేకులు కొట్టారట. పాటకొచ్చిన ఒక చిన్నపిల్ల కాలివేలు మేకుతలకు కోసుకుంది. ఆ పిల్ల ఏడుపు విని ఆమె వేసిన వరసలన్నీ పీకించింది. అంచులో ఏటవాలుగా కొట్టి, పక్క పలకతో మేకును దాచెయ్యడం ఆమెకు తట్టిన ఉపాయమే. నలుగురూ వచ్చి మేస్త్రి పనితనం అని మెచ్చుకుంటుంటే, పేరు నువ్వు ఉంచుకో అన్నయ్యా, మధ్య పలక మాత్రం నాది అని నవ్వేదట. ఆ మధ్య పలకను ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, దెబ్బ తనది, దెబ్బ ఆమెది, అలా దింపారు. ఆ చప్పుడు విని టీచరమ్మ లోపల పాట ఆపి బయటికి వచ్చిందట.

"రెండు సుత్తులు కలిసి పాడినట్టు ఉండేదమ్మా," అన్నాడు. "మళ్లీ అలాంటి చప్పుడు నేను వినలేదు."

తర్వాత ఆమె, కలప తెచ్చే లారీ డ్రైవర్‌ని ఇష్టపడి, చెప్పి మరీ వెళ్లిపోయింది. మేస్త్రి తండ్రికి పట్టరాని కోపం వచ్చింది. దాని పేరు ఈ ఇంట్లో వినపడకూడదన్నాడు. చేతికి సుత్తి ఇచ్చినందుకే చెయ్యి దాటిపోయిందన్నాడు. ఆ మాట అలాగే ఇంట్లో గోడలా నిలబడిపోయింది. పెద్దాయన పోయాక కూడా ఎవరూ పడగొట్టలేదు. పెద్దమ్మాయి చిన్నతనంలో ఎడమచేత్తో బడి పలక మీద గీతలు గీస్తుంటే, నాయనమ్మ ఆమెకు జడ వేస్తున్న చెయ్యి ఆపేసి, అలా చూస్తూ ఉండిపోయేది. ఏమైంది నాయనమ్మా అంటే, కంట్లో నలుసు అనేది. ఎన్ని నలుసులు పడేవో ఆ కంట్లో. అవన్నీ ఏమిటో పెద్దమ్మాయికి ఇప్పుడు అర్థమైంది.

"నీకు పని రాదని కాదు తల్లీ," అన్నాడు మేస్త్రి, చేతిలోని మేకుల వైపే చూస్తూ. "సుత్తి ఇస్తే నువ్వూ వెళ్లిపోతావేమోనని."

ఆమె కళ్లు తుడుచుకుని, తండ్రి గీసుకుపోయిన వేళ్ల మీద దుమ్ము దులిపింది.

"సుత్తి ఇవ్వకపోయినా అత్తారింటికి వెళ్లాను కదా నాన్నా. సాయంత్రానికి మళ్లీ నీ పనిముట్ల సంచి దగ్గరే ఉన్నాను. మా ఆయనైతే నా పెళ్లి ఆ సంచితోనే జరిగిందంటాడు."

మేస్త్రికి నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఒళ్లోని మేకు ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు. గోటితో గీకి చూశాడు.

"ఇవి ఎక్కడివి?"

"చెప్పాను కదా, ఈ మూలవి. మిగతావన్నీ పలుగు తగలగానే తుప్పుకి విరిగిపోయాయి. ఇవే నిండుగా వచ్చాయని దాచాను."

"తల మీద గళ్లున్న ఈ మేకులు మా రోజుల్లో లేవు," అన్నాడాయన. "తుప్పు ఛాయ కూడా లేదు. అమ్మాయ్, ఇవి అప్పటివి కావు. ఇవి కొట్టి ఏడాది కూడా అయ్యుండదు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెల్లెలు ఉందో లేదో కూడా తెలియకుండానే ఆయన ఇన్నాళ్లూ బతికాడు.

ఆ సమయానికే టీచరమ్మ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. జుట్టు దూదిలా తెల్లబడింది గాని నడకలో తాళం తప్పని మనిషి. మేస్త్రి అరచేతిలో మేకులు చూసింది. గ్లాసులు మెల్లగా కిటికీ గట్టు మీద పెట్టి, కొత్త పలకల మీదే చతికిలపడింది.

దాచమని నీ చెల్లెలు ఒట్టు వేయించుకుంది గాని, మీరే పట్టేసుకున్నాక నేను చెప్పకపోయినా ఒకటే అంటూ మొదలుపెట్టింది. ఏటేటా వానలకు ముందు ఆమె వస్తుందట. చెప్పులు విప్పి, డెక్ ఈ చివరినుంచి ఆ చివరికి ఒట్టికాళ్లతో నడిచి చూస్తుందట. చూరునీళ్లు పడి ఈ మూల పలక మాత్రం ఏటా లేచేది. కూర్చుని, మళ్లీ దింపి, టీ తాగి వెళ్లిపోయేది. భర్త పోయాడు. పక్క ఊళ్లో సొంతంగా చెక్కపని షెడ్డు నడుపుతోంది. అన్నయ్య ఎలా ఉన్నాడని అడిగేది, జవాబు విని తల ఊపేది. వెళ్లి కలవవచ్చు కదా అంటే, పిలవకుండా ఎలా వెళ్తానండీ అనేది.

"డెక్ మారుస్తున్నామనీ, మీరిద్దరూ వచ్చారనీ మొన్న చెప్పాను. రేపు పొద్దున్నే వస్తానంది."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. గోడవార ఊరికే పెట్టి ఉంచిన ఆఖరి పలకను రెండు చేతులతో ఎత్తి, తీసుకెళ్లి గోడకు ఆనించాడు. ఖాళీగా మిగిలిన ఆ సందు పక్కన తన పాత సుత్తి పెట్టాడు. పెట్టి, ఒకసారి చూసి, పిడి ఎడమవైపుకు తిప్పాడు. జేబులోంచి ఫోన్ తీసి చిన్నల్లుడితో, రేపు రావద్దు బాబూ, ఈ సామాను ఎవరిదో వాళ్ల దగ్గరే ఉంటుంది అన్నాడు. అవతల ఏదో అడిగినట్టుంది. తర్వాత చెబుతానని పెట్టేశాడు.

అప్పుడు కూతురి వైపు తిరిగి, "రేపు పని ఎలా మొదలుపెడదాం మేస్త్రీ?" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఎవరిని పిలుస్తున్నాడా అని. వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు. అప్పుడు అర్థమైంది. జీవితమంతా ఎదురుచూసిన పిలుపు అలా కొలత అడిగినంత మామూలుగా వచ్చి పడేసరికి, చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక గన్నుకున్న గాలి పైపు చుట్ట చుట్టడం మొదలుపెట్టింది.

"ఈ మూల అత్త చేత కొట్టిద్దాం నాన్నా," అంది చివరికి. "మిగతాది నేను చూసుకుంటాను."

ఆయన సంతోషంగా తల ఊపాడు. టీచరమ్మ మాత్రం ఊపలేదు. ఆమె ఆ సుత్తి వైపే చూస్తోంది.

"ఆ సుత్తి తీసెయ్ పెద్దమేస్త్రీ," అంది నెమ్మదిగా. "నీ చెల్లెలికీ భుజం పోయింది. కిందటేడు ఆ మేకులు దింపడానికే చాలా అవస్థ పడింది. రేపు వస్తున్నది పలక కోసం కాదు."

"మరెందుకు?"

టీచరమ్మ పెద్దమ్మాయి ఎడమచెయ్యి వైపు చూసింది.

"షెడ్డు అప్పగించడానికి తనకి ఎవరూ లేరు. నీ గురించి నేనే చెప్పానమ్మా. నిన్ను తన దగ్గరికి వచ్చెయ్యమని అడగడానికి వస్తోంది."

గాలి పైపు చుడుతున్న చెయ్యి ఆగింది. మేస్త్రి కూతురి ముఖంలోకి చూశాడు, ఇప్పుడే కదా నిన్ను మేస్త్రీ అని పిలిచాను అన్నట్టు. కూతురు మాత్రం పలక లేని ఆ సందులోకి చూస్తోంది.